గ్లౌజులకు రబ్బరు వేసిందెవరు

అమ్మ తర్వాత అమ్మవైన అక్కకు, తమ్ముడు నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ బావా ఒంట్లో కులాసాగానే ఉన్నాం. నువ్వూ, నా మేనకోడలూ, మేడ మీద కాపురం పెట్టిన ఆ పిల్లి సంసారమూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. గాయపడ్డ బౌలరుకి బదులుగా వచ్చిన కొత్తవాడు పెట్టె కూడా విప్పకుండా ముందు నీ కవరు తీసి నా చేతిలో పెట్టాడు. "మీ అక్కగారు గట్టిగా చెప్పి పంపారండీ, మర్చిపోతే జట్టులోంచి తీయించేస్తానన్నారు" అన్నాడు. అన్నంత పనీ చేస్తుందని నేను కూడా చెప్పి ఇంకాస్త భయపెట్టాను. కాలు బెణికిన పాత బౌలరు రేపు ఇంటికి బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. పరాయివాళ్ళ సంగతులంటే వాడికి చెవి కోసుకునేంత ఇష్టం కనుక, వేళ్ళకు చుట్టుకునే పట్టీతో కవరు నాలుగు వైపులా బిగించాను. విప్పడానికి కత్తెర తెచ్చుకో.

ఫోన్ ఎందుకు చెయ్యరని మా ఇద్దరినీ కలిపి తిట్టావు. మూడో రోజు ఆట అయిపోగానే విచారణ వాళ్ళు వచ్చి అందరి ఫోన్లూ సంచిలో వేసుకుని పోయారు. విచారణ ముగిసేదాకా హోటలు ఫోనులో కూడా ఇంటికి మాట్లాడకూడదని మా మేనేజరు ఆజ్ఞ. ఉత్తరాల గురించి ఆయనేమీ అనలేదు. ఈ కాలంలో కూడా ఉత్తరం రాసే మనుషులుంటారని ఆయనకు తట్టి ఉండదు.

నా చిటికెన వేలి వాపు తగ్గింది. తిండి సరిగ్గానే తింటున్నాను. పాప స్కూల్లో ఆటల పోటీలకు నన్ను రమ్మంటున్నారని రాశావు. వాళ్ళింకా రమ్మంటున్నారో లేదో ఒకసారి కనుక్కుని అప్పుడు చెప్పు. ఇది అలిగి అంటున్న మాట కాదు, ఈ ఉత్తరం చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

ఇక నువ్వు అసలు అడిగింది. "టీవీలో చూపించింది నిజమేనా, మనవాళ్ళు మోసం చేశారా, కిందింటావిడ మెట్ల మీద నిలబెట్టి అడుగుతోంది" అని రాశావు. నిజమే అక్కా. ఆవిడతో నిజమేనని చెప్పు.

క్రికెట్ కోచ్‌ని కట్టుకుని, క్రికెటర్‌ని పెంచి కూడా బంతి గుండ్రంగా ఉంటుందన్నది తప్ప ఇంకేమీ నేర్చుకోని దానివి కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. బంతి పాతబడ్డాక ఒక వైపు నున్నగా, రెండో వైపు గరుకుగా ఉంటే గాలిలో వంకర తిరుగుతుంది. ఆడేవాడికి అంతు పట్టదు. ఆ గరుకుదనం ఆటలో అదంతట అదే రావాలి. గోటితో గీకినా, దేనితోనైనా అరగదీసినా అది మోసం. మూడో రోజు మధ్యాహ్నం అంపైర్లు మన బంతిని చూసి మొహాలు చూసుకున్నారు. ఒక వైపు తోలు పిల్లి గీరినట్టు లేచిపోయి ఉంది. బంతి మార్చారు, అవతలి జట్టుకు పరుగులు ఊరికే ఇచ్చారు. అయినా మర్నాడు మనమే గెలిచాం. ఆట అయ్యాక వాళ్ళు మనతో చేతులు కలపకుండా వెళ్ళిపోయారు. వాళ్ళేమీ బుద్ధిమంతులు కారు, వికెట్ల వెనక నిలబడి వాళ్ళ నోటివెంట నేను విన్నవి నీకు రాయలేను. కానీ ఆ రోజు మాత్రం వాళ్ళని తప్పుపట్టలేకపోయాను.

నింద ఎవరి మీద పడిందో టీవీలో చూసే ఉంటావు. కవర్ అనే చోట ఫీల్డింగ్ చేసే బక్కపల్చటి వాడు, క్యాచ్ పడితే గోడకు బల్లి అతుక్కున్నట్టు బంతి వాడి చేతికి అతుక్కుపోతుంది కాబట్టి మేమంతా బల్లి అని పిలుస్తాం. నేను బంతి వాడికే విసురుతాను, వాడు ప్యాంటుకు రుద్ది బౌలరుకు ఇస్తాడు. వాడు రుద్దడమే కెమెరాల్లో పదే పదే చూపించారు. ఇంకేముంది, లోకమంతా తీర్పు చెప్పేసింది. వాడింటి గేటు మీద ఎవరో దొంగ అని రంగుతో రాశారట. బస్సులో వాడి పక్క సీటు ఖాళీగా ఉంటోంది. ఖాళీగా వదిలేసింది మన జట్టువాళ్ళే, నిన్నటిదాకా వాడి భుజం మీద చేతులేసుకుని ఫొటోలు దిగినవాళ్ళే. నేను వెళ్ళి కూర్చుంటే, "నేను ఉత్త ప్యాంటుకే రుద్దానన్నా, నువ్వైనా నమ్ము" అన్నాడు. నమ్ముతున్నానని చెప్పాను. అప్పటికి నాకు తెలిసింది అంతవరకే. విచారణవాళ్ళు మొదటిసారి అడిగినప్పుడు నాకేమీ తెలియదన్నాను, అది కూడా నిజమే.

మ్యాచ్ అయిపోయిన మర్నాడు పొద్దున గ్లౌజులు తుడుచుకుంటున్నాను. కుడి గ్లౌజు అరచేతిలో, బొటనవేలి కిందుగా, తడిగుడ్డ పట్టేసింది. వేలితో తడిమితే రబ్బరు చుక్కల మధ్య ఉప్పుకాగితం లాంటి గరుకు. తగిలీ తగలనట్టు ఉంది, వెతికితే తప్ప దొరకదు. సంచిలోంచి ప్రాక్టీసు బంతి తీసి నా అలవాటు ప్రకారం చేతుల్లో తిప్పాను. నా అలవాటు నీకు తెలుసుగా, చిన్నప్పుడు అన్నాల దగ్గర కూడా బంతి తిప్పుతూ కూర్చుంటే నా వీపు మీద ఒకటిచ్చేదానివి. బంతి చేతికి రాగానే గరుకు వైపు కుడి అరచేతిలోకి తెచ్చుకుని, రెండు తిప్పులు తిప్పి గాని ఎవరికీ ఇవ్వను. మెరిసే వైపు చెయ్యి పెట్టకురా అని బావ నేర్పిన పద్ధతి అది. కాసేపు తిప్పి చూస్తే ప్రాక్టీసు బంతి తోలు లేచింది. ఆ మ్యాచ్‌లో బంతిని పాడు చేసింది నా చేతులే అక్కా. నాకు తెలియకుండా నా చేతులే.

ఇది చదివి నీకు వెంటనే అర్థమైపోయి ఉంటుంది. నా గ్లౌజులకు రబ్బరు అరిగితే కొత్త రబ్బరు వేసేది ఎవరో నీకు నేను చెప్పాలా. కొట్లో ఇస్తే బిగుతుగా వేస్తారని, నా చెయ్యి తనకే తెలుసని, ప్రతి టూరుకీ ముందు బావే కూర్చుని వేస్తాడు.

గ్లౌజు పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"బావా, దీని రబ్బరులో ఏం కలిపావు?"

"జిగురు."

"జిగురు కాక?"

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మంచం మీద కూర్చున్నాడు. తేలు కుట్టిన దొంగలా నోరు విప్పడేమో అనుకున్నాను. విప్పాడు. "ఈసారి కూడా ఓడితే కొత్త కోచ్‌ని చూసుకుంటామని మొహం మీదే చెప్పారురా. నాతోపాటు నువ్వూ పోతావు. బావమరిది కాబట్టే జట్టులో ఉన్నాడని నీ గురించి అనుకునేవాళ్ళు తక్కువా?"

"నాకొక మాట చెప్పాల్సింది."

"చెబితే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

ఎంత మామూలుగా అన్నాడో ఆ మాట. నాకు కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది. అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారన్నాడు, అవతలివాళ్ళ జేబులు తడిమితే మన కన్నా ఎక్కువే దొరుకుతాయన్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసం అన్నట్టుంది. మరి బల్లి సంగతేమిటని అడిగాను. "వాడికి వయసుంది. కొన్నాళ్ళు కూర్చోబెడతారు, మళ్ళీ వస్తాడు. నన్ను కూర్చోబెడితే ఇక లేచేది లేదు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆయనకు ఈ ఆట తప్ప ఇంకొకటి చేతకాదు, మీరుంటున్న క్వార్టరు కూడా ఆ ఉద్యోగంతో వచ్చిందే. ఇవన్నీ నేను లెక్కలోకి తీసుకోలేదని అనుకోకు. ఆ రోజంతా అవే ఆలోచించాను.

"నువ్వు వెళ్ళి చెప్పెయ్ బావా. నీ పక్కన నేనూ వస్తాను."

"నేను చెప్పను."

"అయితే నేను చెబుతాను."

"చెప్పుకో. గ్లౌజులు నీవి, వేసుకున్న చేతులూ నీవి" అని మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే, బావ చెప్పాడో ఏమో, కెప్టెన్ పిలిచాడు. నేను నోరు తెరవకముందే, "నాకేమీ తెలియదు, నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆ తర్వాత మెల్లగా, "పాత గ్లౌజులు ఎవరు దాచుకుంటారు, పారేసి కొత్తవి తీసుకో" అన్నాడు. ఆ సలహాతో నాకు మిగిలిన కాస్త తటపటాయింపు కూడా పోయింది. అందరూ కలిసి ఒకణ్ణి బలి పెట్టి, వాడి పక్క సీటు ఖాళీ చేసి, గెలిచిన కప్పుతో ఫొటో దిగుదామంటున్నారు. నేను ఆ ఫొటోలో ఉండను.

అక్కా, ఇప్పటిదాకా రాసింది ఒక ఎత్తు, ఇప్పుడు రాసేది ఒక ఎత్తు. కాస్త కూర్చుని చదువు.

నిన్న గ్లౌజులు తీసుకెళ్ళి మ్యాచ్ రిఫరీకి ఇచ్చేశాను. పెద్దాయన, తొందరలేని మనిషి. చిన్న బ్లేడుతో రబ్బరు అంచు లేపి చూశాడు. తెల్ల కాగితం మీద సన్నటి పొడి రాలింది. "ఈ రబ్బరు ఎవరు వేశారు?" అన్నాడు. మా అక్క భర్త అని చెప్పాను. కోచ్ అనాల్సింది, కానీ నోటికి అదే వచ్చింది. "ఆయన వేశారని నీ మాట తప్ప ఇంకేమైనా ఉందా?" అన్నాడు.

ఇందాక బావ గదిలో మాటలన్నీ రాశాను గానీ ఒక మాట రాయలేక వదిలేశాను. నేను బయటికి వస్తుంటే వెనక నుంచి అన్నాడు. "నేను కాదంటాను. వంటింటి బల్ల మీద పెట్టుకుని వేశాను, ఎదురుగా ఉన్నది మీ అక్క ఒక్కతే. తను నా మీద చెబుతుందా?"

రిఫరీ అడిగితే ఆ మాటే చెప్పాను. "మా అక్క ఉంది" అన్నాను. నీ పేరూ నంబరూ రాసి ఇచ్చాను. నిన్ను అడగకుండా ఇచ్చాను.

ఇందుకు నువ్వు నన్ను తిట్టుకున్నా పడతాను. కానీ తప్పు చేశానని మాత్రం అనుకోవడం లేదు. నువ్వు టీవీలోనో, కిందింటావిడ నోటనో కాకుండా నా చేతిరాతలోనే తెలుసుకోవాలని ఇదంతా రాస్తున్నాను. విచారణ సోమవారం. ఆ రోజు బల్లకి అటు బావ కూర్చుంటాడు, ఇటు నేను. ఆయన కాదంటాడు, నేను అవునంటాను. అప్పుడు నీకు ఫోన్ చేస్తారు. నీ మాట లేకపోతే పాపమంతా నా నెత్తినే పడుతుంది, ఇక జన్మలో నన్ను ఆడనివ్వరు. ఇది నిన్ను కరిగించడానికి రాయడం లేదు. తర్వాత తెలిసి ముందే ఎందుకు చెప్పలేదని నువ్వు ఏడవకూడదని రాస్తున్నాను.

ఆ రోజు నువ్వేం చూశావో నాకు తెలియదు. నాకు రాయొద్దు, ఎవరితోనూ కబురు పెట్టొద్దు. ఏమీ చూడకపోతే చూడలేదనే చెప్పు, నా కోసం ఒక్క అక్షరం కల్పించకు. చూసి ఉంటే ఆయన కోసం ఒక్క అక్షరం మింగకు. భర్త ఎక్కువా తమ్ముడు ఎక్కువా అని వాళ్ళు అడగరు, నేనూ అడగను. వంటింటి బల్ల మీద ఏం జరిగిందని మాత్రమే అడుగుతారు. నువ్వు ఏం చెప్పినా నేను చెప్పింది మార్చుకోను, బల్లి పేరు ఆ నిందలోంచి బయటికొచ్చేదాకా వదలను. బావ ఉద్యోగం పోతే నేనున్నాను. నాదీ పోతే ఇద్దరం ఏదో ఒక పని చేసుకుంటాం, పాప చదువు ఆగదు. పెంచినదానివి, నా మాట నమ్ము.

రాయడం మొదలుపెట్టే ముందు వెళ్ళి బావతో చెప్పాను, అక్కకు అన్నీ రాస్తున్నానని, రిఫరీకి సాక్షిగా తన పేరిచ్చిన సంగతి కూడా రాస్తున్నానని. అడ్డుపడతాడనుకున్నాను. పడలేదు. "నీ తరఫున ఏమైనా రాయనా బావా, నిన్ను కాపాడమని?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "వద్దు. నేను అడిగితే అబద్ధం చెప్పేస్తుందేమో" అన్నాడు.

అది ఏ ఉద్దేశంతో అన్నాడో ఆయన మొహం చూసినా నాకు అర్థం కాలేదు. నీకు అర్థమవుతుంది. సోమవారం ఫోన్ మోగుతుంది. ఎత్తు అక్కా.

ఇట్లు,
ఏం జరిగినా నీ తమ్ముడు