నీళ్ళు పోయని నలభై రోజులు

రాస్ అల్ ఖైమా,
10 మార్చి 2006

ప్రియమైన నా కొడుకు దయాకర్‌కు,

నువ్వు మంచిగున్నవా బిడ్డా? దగ్గు తగ్గిందా? మీ లేబర్ క్యాంపులో నీ గదిలో ఉండే పర్శరాములు నడుము నొప్పి ఎట్లుంది? ఊళ్ళో కోడలు సుభాషిణికి జ్వరం విడిచిందా? చిన్నదానికి పళ్ళు వచ్చాయా? ఈ ఉత్తరం తెచ్చే సనావుల్లా మోకాలు ఎట్లుంది? కూరగాయల వ్యాను నడిపే మనిషి, మోకాలు పోతే ఏంగావాలె? నేను బాగానే ఉన్నాను, గుండె దడ తప్ప.

దడ ఎందుకో చెప్తా. నేను పనిచేసే ఇంటి వెనక ఇసుకలో పెద్ద చెట్టు ఉంది కదా. వీళ్ళు ఘాఫ్ అంటారు గాని, మనం దసరాకు మొక్కే జమ్మే అది. బావి నీళ్ళు ఏడాదికేడాది కిందికి పోయి, ఉప్పగై, చెట్టు పైనుంచి ఎండుతోంది. కింద పిల్లమొక్క ఒక్కటి లేదు. మొలిచినవన్నీ ఒంటెలు, మేకలు మేస్తాయి. చెట్టు ఎట్లాగూ పోతుంది, ఆ జాగాలో గోదాం కడతానని ఇంటి యజమాని, మా అర్బాబ్, అన్నాడు. వాళ్ళమ్మ, నేను చూసుకునే ముసలమ్మ, రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆమె పుట్టింది ఆ నీడలోనేనట. ఆఖరికి అర్బాబ్ నా దిక్కు చూసి నవ్వి, "లచ్మీ, దీని పిల్లలు పదైనా ఈ ఎండాకాలం దాటితే జాగా వాటిదే. లేకుంటే ఖలాస్" అన్నాడు.

కాయలు ఏరి, గింజలు నానబెట్టి పాలపొడి డబ్బాల్లో పెట్టాను. వంద మొలిచాయి. మూడు పూటలా నీళ్ళు పోస్తున్నాను. అయినా అరవై పోయాయి బిడ్డా! నువ్వు ఊళ్ళో నర్సరీలో నాలుగేండ్లు చేసినవ్ కదా, ఏమన్న చెప్పు. వేళకు తిను. ఎండలో టోపీ తీయకు.

నీ కోసమే ఆరాటపడే అవ్వ,
లక్ష్మవ్వ


సోనాపూర్,
24 మార్చి 2006

ప్రియమైన అవ్వకు,

అందరం బాగున్నాం. పర్శరాములుది నడుము నొప్పి కాదు, బద్ధకం అని నేనంటే, "మీ అవ్వ అడిగింది నన్ను. నువ్వు మూస్కో" అంటున్నాడు.

అవ్వా, కోపం చేయకు. నీ మొక్కలు దప్పికతో పోలేదు, నీ నీళ్ళతో పోయినయి. జమ్మి ముందు కిందికి పోతుంది, ఆ తర్వాతే పైకి వస్తుంది. డబ్బా అడుగు తగిలితే వేరు చుట్ట చుట్టుకుంటుంది. పైననే నీళ్ళు దొరుకుతుంటే కిందికి ఎందుకు పోతుంది? మా కట్టడం పని దగ్గర పారేసే పైపు ముక్కలు ఫోర్‌మన్‌ను అడిగి తీసుకున్నాను, సనావుల్లా తెస్తాడు. అడుగు లేని ఆ పైపులను ఇసుకలో సగం దాకా పాతి, ఇసుక నింపి, మొక్కలను వాటిలోకి మార్చు. చుట్టూ ముళ్ళకంప వెయ్యి. మే దాకా వారానికొక చెంబు. ఆ తర్వాత నెలకొకటి. ఆకు వాలినా పోయకు.

నీకిది కష్టమే. నేను బడికి పోతే విడిచేదాకా గోడ అవతల నిలబడ్డదానివి.

నీ దయాకర్


రాస్ అల్ ఖైమా,
16 జూన్ 2006

ప్రియమైన బిడ్డకు,

పైపులు అందాయి. నలభై నిలబెట్టాను. ముసలమ్మ చూసి, "ఇన్ని ఫిరంగులు ఎవరి మీద యుద్ధానికి లచ్మీ?" అని నవ్వింది. ఇప్పుడు నా మీదనే కాపలా. చెంబు పట్టుకొని వెనక తలుపు దాటితే చాలు, కర్ర నేలకు కొట్టి "యల్లా, లోపలికి!" అంటుంది.

ఎండ పొయ్యిలాగుంది. ఇంత ఎండ తన చిన్నప్పుడు లేదంటుంది ముసలమ్మ. ఆకులు వాలిపోయి, తల్లి లేని పిల్లల్లాగ నన్నే చూస్తున్నాయి. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను, దాదాపు.

ఇంకో భయం. జూలైలో ముసలమ్మకు తుంటి ఆపరేషన్, అబూదాబీలో. నలభై రోజులు నేను వెంట ఉండాలి. ఇల్లు తాళం. మొక్కల గతి ఏంగావాలె? నువ్వు నీళ్ళు బాగా తాగుతున్నవా? నువ్వు జమ్మివి కావు, తాగు.

నీ అవ్వ


సోనాపూర్,
30 జూన్ 2006

ప్రియమైన అవ్వకు,

తాళం పడితేనే మంచిది. ఎవరికీ చెంబు అప్పజెప్పకు. పోయే రోజు ఒకసారి పోసి, వెనక్కి చూడకుండా కారెక్కు. అవ్వా, ఆ "దాదాపు" అంటే ఏంది?

నీ దయాకర్


రాస్ అల్ ఖైమా,
6 అక్టోబర్ 2006

ప్రియమైన నా బిడ్డకు,

ఇన్ని రోజులు రాయలేదని భయపడ్డవా? నేనే రాయలేకపోయాను. ఆగస్టు ఆఖర్లో వచ్చి వెనక తలుపు తీస్తే పైపుల్లో ఎండుపుల్లలు. కూలబడి ఏడ్చాను. నీకేమని రాయను?

నీ ప్రశ్నకు జవాబు ముందు చెప్తా. నలభై అని రాశాను గాని, పైపుల్లో పెట్టింది ముప్పై ఏడే. మూడు మొక్కలు వంటింటి వెనక నీడలో, డబ్బాల్లోనే దాచి, ముసలమ్మకు తెలియకుండా గిన్నెలు కడిగిన నీళ్ళు పోశాను. అదే "దాదాపు". ఆ మూడూ పోయాయి. పీకి చూస్తే వేలెడు వేరు లేదు.

సెప్టెంబర్‌లో పొద్దున్నే మంచు పడడం మొదలైంది. ఒకనాడు ఒక పుల్లకు గోరంత పచ్చ. మరునాడు ఇంకో రెండింటికి. అయినా ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని. చచ్చినదాన్ని ఒకదాన్ని తవ్వితే వేరు పైపు దాటి, నా మోచేయి దాటి పోయింది. దాని కొస దగ్గర ఇసుక చల్లగా ఉంది బిడ్డా!

పద్నాలుగు బతికాయి. అర్బాబ్ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. రంజాన్ ఉపవాసంలో ఉన్నాడు, అబద్ధమాడలేడు. గోదాం మేస్త్రీకి నా ముందే ఫోను చేసి "ఖలాస్" అన్నాడు. జాగా చుట్టూ ఒంటెలు రాకుండా తీగ కట్టించాడు. నిన్న ప్రభుత్వం నుంచి చెట్ల సంగతి చూసే ఇద్దరు వచ్చి కొలిచారు. నీళ్ళు లేని జాగాల్లో ఇట్లాగే పెంచాలట. "ఎవరు పెంచారు?" అని అడిగితే ముసలమ్మ కర్రతో నన్ను చూపించి, "ఈమే. నలభై రోజులు ఏమీ చేయలేదు!" అంది. అందరూ నవ్వారు. నేను తల ఎత్తి, "నా కొడుకు నేర్పిండు. వాని పేరు దయాకర్" అన్నాను. ఒకాయన నీ పేరు రాసుకున్నాడు. తప్పు రాశాడేమోనని మళ్ళీ చెప్పించాను.

మొన్న దసరాకు పిల్లల ఆకులు తెంపలేదు. కవరులో రెండు ఆకులున్నాయి, తల్లి చెట్టు కింద రాలినవి. ఒకటి నీకు, ఒకటి పర్శరాములుకు బంగారం.

మొక్కలను అక్కడి నుంచి కదిలించకుండా, పైపులను చీల్చి తీస్తారట. మొదటి పైపు నువ్వే చీల్చాలని ముసలమ్మ మాట. అర్బాబ్ ఒప్పుకున్నాడు. సనావుల్లా వ్యానులో తెస్తానన్నాడు. తిన్నవా, తాగినవా అని ఇకమీద అడగను. దాదాపు.

పొద్దున తొమ్మిదికి గేటు దగ్గర ఉంటాను. ఏడు నుంచే ఉంటాను.

నీ గొప్ప చెప్పుకొని తిరుగుతున్న అవ్వ,
లక్ష్మవ్వ

రోజు రాయడం మరిచాను. ఈద్ దాటినంక వచ్చే శుక్రవారం, అక్టోబర్ 27.