పట్టుచీరకు నచ్చాల్సిన బల్లలు

సోమవారం
ఆదివారానికల్లా ఆరు బల్లలు చేసివ్వాలి. మా చర్చిలో ఆడవాళ్ల వైపు ఇన్నాళ్లూ చాపలే. స్త్రీల సమాజం పెద్ద, టీచరమ్మగారు, ఫోన్లో ఎంత మెత్తగా చెప్పారో... "పట్టుచీర ఒక్క పోగు లేచినా ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించేసుకుంటామండీ." పలకలు నున్నగా చెక్కే పెద్ద ప్లేనర్ మిషను కొన్నాక ఇదే మొదటి పెద్ద పని.

మంగళవారం
కలప మా అక్క భర్త ఏసోబు బావగారిచ్చింది. కొల్లేరులో ఆయన చేపల చెరువు గట్టు మీది వేపచెట్టు. బాగా ఆరింది. రెండు పలకలు వెన్నలా వచ్చాయి. మూడోదానికి — టంగ్! లోపల మేకు. మూడు బ్లేడులకూ ఒకేచోట గాటు. ఇక ఏ పలక పెట్టినా నిలువునా ఉబ్బెత్తు గీత. ఒళ్లు మండింది. బావగారికి ఫోన్ చేసి అరిచాను... "చెట్టుకి మేకు కొట్టే బుద్ధి ఎవడిదండీ? చూసుకోవద్దా?"
"పోనీలేవయ్యా, నేనే చూసుకోవాల్సింది," అన్నారు. అంతే.

బుధవారం
కొత్త బ్లేడులు గూడెం బజారులో లేవు. ఏలూరులోనూ లేవు. వారం ఆగాలట. వారం!

గురువారం
మా ఆవిడ కరుణ పట్టుచీర కొంగు తెచ్చి పలక మీద లాగింది. గీత దగ్గర పట్టేసింది.
"ఏవండీ, ఇది నా పెళ్లిచీరండీ!"
"మరి ఎందుకు తెచ్చావ్?"
"మీ మీద నమ్మకంతో."
చచ్చాను.
సాయంత్రం తట్టింది! గాట్లు ఒకే వరుసలో ఉన్నాయి కాబట్టే గీత. ఒక బ్లేడు కాస్త ఎడమకి, ఇంకోటి కాస్త కుడికి జరిపి బిగించాను. ఒకటి వదిలింది రెండోది కోసేస్తుంది. గీత మాయం. అక్కడక్కడా నార లేస్తోంది — పలక తిప్పి అవతలి కొన నుంచి పెట్టాను. పల్చగా, నెమ్మదిగా. పొట్టు ఉల్లిపొరలా వచ్చింది. కొంగు జారిపోయింది. నమ్మక ఇంకోసారి లాగింది మహాతల్లి. గంతేశాను... మోకాలు కలుక్కుమంది.

శుక్రవారం
డబ్బాలో పడేసిన ఆ మేకు ఇవాళ సరిగ్గా చూశాను. తల పైకి వంచి ఉంది. రాగితీగ చుట్టి ఉంది.
అయ్యో దేవుడా.
పెళ్లికి ముందు ఆ చెరువు కాపలా నాదే. అన్నం క్యారేజీ తగిలించుకోవడానికి కొట్టింది నేనే. జారకుండా తీగ చుట్టిందీ నేనే.

శనివారం
ఆరు బల్లలూ అయ్యాయి. బావగారికి రెండుసార్లు ఫోన్ కలిపి పెట్టేశాను.

ఆదివారం
టీచరమ్మగారు పచ్చ పట్టుచీరలో ఈ చివర కూర్చుని ఆ చివరిదాకా జరిగారు. మళ్లీ వెనక్కి జరిగారు. "రండమ్మా, కూర్చోండి," అన్నారు అందరితో. ప్రాణం లేచొచ్చింది.
బయట బావగారు అందరికీ చెబుతున్నారు: "మేకు చూసుకోకపోవడం నా తప్పేనండీ. మావాడు కాబట్టి పని నిలబెట్టాడు."
ఇక ఆగలేకపోయాను. జేబులోంచి మేకు తీసి ఆయన చేతిలో పెట్టాను. తీగ చూశారు. నన్ను చూశారు.
"క్యారేజీదా?"
తలూపాను. మేకు జేబులో వేసుకున్నారు.
సాయంత్రం అక్కతో కలిసి భోజనానికి వస్తున్నారు. మేకు సంగతి తెలిసిన కరుణ ఇప్పటినుంచే నవ్వుతోంది...