వానకాలపు సగం కూలి

సరోజా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ పటం ముందు దీపం పెట్టి, నువ్వూ ఇంకో నలుగురూ కలిసి నిలబెట్టిన నేతగాళ్ల కంపెనీ మీటింగుకు వెళ్లాను. నీ వాటా ఇప్పుడు నా పేరున ఉంది కదా.

వానల్లో మగ్గం గుంటల్లో నీళ్లూరి నేత ఆగినన్నాళ్లూ సగం కూలి ఇవ్వాలని నువ్వు కట్టుబాటు పెట్టావే, దాన్ని తీసెయ్యమని ఓబులేసు లేచాడు.

"కంపెనీ పెట్టుకునేదే లాభం కోసం గదా. ఆ దుడ్డు వాటాదారులకు పంచండి" అన్నాడు.

"నీ మగ్గం ఎత్తు మీదుండాది. మా గుంటల సంగతి నీకేం తెలుస్తాదిలే ఓబులేసప్పా" అంది నాగమ్మ. అందరూ నవ్వారు.

కొత్త మేనేజరు పోయిన నెలే పనిలో చేరాడు. అతను ఓబులేసు వైపే మొగ్గుతాడేమోనని దేవుణ్ణి తలచుకుంటూ కూర్చున్నాను.

"ఓబులేసన్నా, నువ్వన్నది నిజమే. వాటాదారుల సొమ్ము విలువ పెంచడమే కంపెనీ మొదటి పని. కానీ ఈ ఒక్క ఏటి లాభం చూస్తే ఎట్లా? ఈ కూలి లేకుంటే వానలకు సగంమంది బెంగళూరు పనులకు పోతారు. వాళ్లు తిరిగి రాకుంటే పండగ చీరలు ఎవరు నేస్తారు? అప్పుడు నీ వాటాకు విలువ యాడిది?" అన్నాడతను.

ఓబులేసు తల గోక్కున్నాడు. "సరేలేప్పా, ఉండనీ" అంటూ అందరికన్నా ముందు తనే చెయ్యెత్తాడు.

అది నీ జాలిగుణమని ఇన్నాళ్లూ అనుకున్నాను. నీ జాలికి ఎంత ముందుచూపుందో ఆ మేనేజరు అబ్బాయి నోట విన్నాను.

బయటికొచ్చాక, "ఈ కట్టుబాటు ఎవరు పెట్టారమ్మా?" అని అడిగాడు. మా చెల్లెలని చెప్పాను.

"ఈసారి మీటింగుకు ఆమెను కూడా తీసుకురండి. మాట్లాడాలని ఉంది" అన్నాడు.

సరేనన్నాను.

అక్క