నా కంచం నేనే కడిగిన సంగతి

ఖరగ్‌పూర్, ట్రాఫిక్ రైల్వే కాలనీ.

చిరంజీవి సౌభాగ్యవతి అప్పలనర్సమ్మకి నీ భర్త గోవిందరావు దీవించి రాసేది. నేను బతికే ఉన్నాను. మీరంతా కులాసా అని మన అమ్మాయి కిరణ్మయి చేత రాయించిన ఉత్తరం అందింది.

మునగచెట్టు సంగతి అడిగావు. గాలికి సగం విరిగింది, మిగిలిన సగం కాసింది. మనవరాలిని ఉయ్యాల్లో వేసిన రోజు ఎందుకు రాలేదన్నావు. ఒంట్లో బాగోలేదని ఫోనులో మూడుసార్లు చెప్పాను. నీ గొంతు వింటే నా నోట అబద్ధమే వస్తోంది. అందుకే ఈ వంకర అక్షరాలు.

ఏబెల్ ఆస్పత్రిలో ఉన్నాడు. టీబీ. ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో నా పక్కన సుత్తి కొట్టినవాడు పసిపిల్లాడంత అయ్యాడు. వాడి గదిలో మేం నలుగురం పేకాడటం నీకు తెలుసు. గాలికి ముక్కలు ఎగురుతాయని కిటికీ మూస్తాం, ఒకే చుట్ట అందరి చేతులూ తిరుగుతుంది. వద్దంటే ఎందుకని అడుగుతారు. అందుకని దీపావళి నుంచి నా వంతు ఆఖరికి మార్చుకున్నాను. వాళ్ళు పీల్చాకే నేను. న్యాయంగా ఉన్నాననుకున్నాను. డాక్టరమ్మకి ఇది గొప్పగా చెప్పాను. జబ్బు అంటించేది చుట్ట కాదు తాతా, మూసిన గదిలో నీ దగ్గు అంది.

అర్థమైందా నర్సమ్మా. దీపావళికి ముందే నాకు తెలుసు. కళ్ళె పరీక్ష కాగితం నా పాత యూనిఫాం కింద ఉంది. మందులు ఊరికే ఇస్తామన్నారు గాని పేరు రాయాలన్నారు, ఇంటికొచ్చి చూస్తామన్నారు. మాతో ఆడే జ్ఞానరత్నానికి ఇదే జబ్బని తెలిసినప్పుడు పేకాట దగ్గర వాణ్ణి లేపి పంపింది నేను. ఆ నోటితోనే నాకూ అదేనని ఎలా చెప్పను?

మొన్న ఏబెల్ అడిగాడు. "గోవిందా, ఎరిగే దగ్గినావా?" లేదురా, నాకు తెలీదు అన్నాను. వాడు నా ముఖం చూసి గోడవైపు తిరిగాడు. వాడి పెళ్ళాం ఎలీసమ్మ బత్తాయి ఒలిచి నాలుగు తొనలు నా చేతిలోనూ పెట్టింది. తిన్నాను.

ఇప్పుడు మందులు మింగుతున్నాను. దానికి మెచ్చుకోవద్దు.

నా కంచం నేనే కడుక్కుంటుంటే, "ఏటయ్యా, ముసిలోడివయ్యాక మర్యాదొచ్చిందా" అని నవ్వావు. కోపమొచ్చి కడిగానా అని నీ ఉత్తరంలోనూ అడిగావు. కోపం కాదు. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. కంచం వేరు చేశాను గాని, చలికి కిటికీ బిగించిన ఆ ఒక్క గదిలో రెండు నెలలు నీ పక్కనే దగ్గాను. అమ్మాయి దగ్గరికని నువ్వు పలాస బండి ఎక్కిన రోజు నీకు పొడిదగ్గు ఉంది. ప్లాట్‌ఫారం మీద విన్నాను. విని చెయ్యి ఊపాను.

కిరణ్మయీ, ఇది అమ్మకి చదివి వినిపిస్తున్నది నువ్వే. పాప ఆమె ఒళ్ళో ఉంటే ముందు తీసుకో. ఈ రోజే ముగ్గురూ పరీక్షకి వెళ్ళండి. ఎవరి వల్ల అని డాక్టరు అడిగితే నా పేరు రాయించు. ఇది పోస్టులో వేసి నేను ఏబెల్ దగ్గరికి పోతున్నాను.

ఇట్లు,
ఎరిగే దగ్గిన
మీ నాన్న గోవిందరావు