పడ్డవాడికి చెయ్యి

ఒరేయ్ రమణా,

నీకు అందదని తెలిసే రాస్తున్నాను. ఇవాళ వినగడప పెళ్లిలో మన ఆర్కెస్ట్రా ముందే కర్రలు లేచాయి. పెళ్లికొడుకు బాబాయి ముక్కు పగిలి స్టేజీ కింద పడ్డాడు. జనం ఆయన్ని తొక్కేస్తున్నారు. మన రూలు నీకు తెలుసుగా, కొట్లాటైతే పాట ఆపకూడదు, స్టేజీ దిగకూడదు.

నువ్వు ఆరేళ్లు బెంగళూరులో పంక్, స్కా అనే ఇంగ్లీషు హోరు పాటల బ్యాండ్లలో బేస్ గిటార్ వాయించి, ముందు పన్ను ఊడగొట్టుకుని తిరువూరు వచ్చావు. మీ బ్యాండు క్యాసెట్టు వినిపించి, "అక్కడ మా పాటకి జనం సరదాగా గుద్దుకుంటూ ఎగురుతార్రా. ఎవడన్నా పడితే మాత్రం గుద్దినోడే చెయ్యిచ్చి లేపుతాడు" అన్నావు.

పిచ్చోడా, పెనుగొలను పెళ్లిలో కొట్లాట కూడా అలాంటిదే అనుకున్నావు. గిటార్ పక్కన పెట్టి, కిందికి దిగి, పడ్డవాడికి చెయ్యిచ్చావు. అవతలి పక్షం మనిషివనుకుని పందిరి గుంజతో నీ తల పగలగొట్టారు. ఆసుపత్రికి చేరకముందే ఆటోలో పోయావు. రేపటికి నాలుగేళ్లు.

ఇవాళ నేను డ్రమ్స్ ఆపి దిగాను. ఆయన్ని లేపేసరికి నా చెంప చిట్లింది, కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను.

"మధ్యలో నీకేం పనిరా?" అని మన సింగర్ సత్యం అరిచాడు.

పనుంది. ఆ రోజు నువ్వు పడ్డాక, నీ బేస్ లేని పాటని నేను చివరిదాకా వాయించాను. తాళం ఒక్కచోట కూడా తప్పలేదు.