చేప తల నాది

ఏప్రిల్ 7, ఆదివారం, సాయంత్రం

ఒళ్లు మండిపోతోంది. రాసుకోకపోతే నిద్ర పట్టదు.

నిన్న ఒటహుహు చేపల కొట్టుకు నేనే వెళ్లాను. మొప్పలు ఎత్తి చూసి, కళ్లు మెరుస్తున్నాయో లేదో చూసి, పెద్ద స్నాపర్ చేపను ఏరి తెచ్చాను. ఈ రోజు చర్చికి వెళ్లకముందే టారో దుంపలు ఉడికించాను, కొబ్బరిపాలు పిండాను, చేపను కాల్చాను. చర్చి అయ్యాక తోఓనాయి. మా సమోవావాళ్ల ఇళ్లలో ఆదివారం భోజనానికి అదే పేరు. అందులో పెద్దలు ముందు కూర్చుంటారు. పాస్టర్ గారు, అమ్మ, అన్నయ్య ఎలిసాల.

అన్నయ్యకు పోయిన ఏడాది సమోవాలో మా ఊళ్లో మతాయి బిరుదు ఇచ్చారు. అంటే ఇప్పుడు మా కుటుంబానికి పెద్ద ఆయనే. చేప తల ఆయనది. మెత్తటి నడుము ముక్క పాస్టర్ గారిది. నేనూ, అన్నయ్య కూతురు లాగీ గోడ వారన నిలబడి ఎవరి పళ్లెం ఖాళీ అయితే అది నింపాలి. వాళ్లు చేతులు కడుక్కుని లేచాక మేం కూర్చోవాలి. మేం కూర్చునేసరికి ముళ్లూ, చల్లారిన టారో ఉన్నాయి.

లాగికి పంతొమ్మిది. నాకు నలభై ఆరు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఆ గోడ దగ్గర ఇద్దరిదీ ఒకే హోదా.

నా చిన్నప్పుడు అమ్మకు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. ఇప్పుడు నాకు షిఫ్టులు. వారమంతటికీ ఇద్దరం ఇంట్లో ఉండి తినే పూట ఆదివారం ఒక్కటే. ఆ పూట అమ్మ తింటుంటే నేను చూస్తాను. నేను తినడం అమ్మ ఎప్పుడైనా చూసిందా? అమ్మకు ఎదురుగా కూర్చుని ఆమెతో పాటు తినాలి. ఇంతకంటే పెద్ద కోరిక ఏదీ నాకు లేదు. ఇది అడగడానికి సిగ్గుపడాలా? పడను.

ఏప్రిల్ 12, శుక్రవారం

షిఫ్ట్ అయ్యాక తెరె నన్ను బస్టాపులో పట్టుకుంది. ఎయిర్‌పోర్టు దగ్గరి కిచెన్‌లో విమానాలకు పంపే భోజనం ట్రేలు నాతో పాటు సర్దుతుంది. కుక్ దీవుల మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. పొద్దున్నుంచీ లోకంలో అందరి తిండీ సర్దుతున్నాం, మన తిండి సంగతేంటే అంది. ఇంటికెళ్లి తింటానన్నాను. ఇంట్లో నీకు మిగిలితే కదా అంది. ఆదివారం సంగతి దానికి చెప్పడం నాదే పొరపాటు.

ఒటహుహు స్టేషన్ వైపు ఒక చిన్న నూడుల్స్ కొట్టు. ఏళ్ల తరబడి బస్సులో దాని ముందు నుంచే పోతున్నాను, లోపల కాలు పెట్టలేదు. బల్లలు తక్కువ. మా బల్ల దగ్గరే ఎవరో చైనా ముసలాయన కూర్చుని ఉన్నాడు. నా గిన్నె వచ్చింది, పొగలు కక్కుతూ. నేను దాన్ని రెండు చేతులతో ఎత్తి ఆ ముసలాయన ముందు పెట్టాను.

పెట్టాక గానీ ఏం చేశానో నాకే తెలియలేదు. బల్ల దగ్గర పెద్దవాళ్లుంటే నా చేతులు నన్ను అడగవు. ఆయన నా వంక చూశాడు, గిన్నె వంక చూశాడు, నాది వేరే వస్తోందమ్మా అని ఇటు జరిపాడు. తెరె బల్ల మీద తల వాల్చి పడి పడి నవ్వింది.

అక్కడితో అయిందా? తిన్నాక లేచి మా గిన్నెలూ, పక్క బల్ల గిన్నెలూ ఎత్తేస్తున్నాను. కొట్టావిడ పరుగెత్తుకొచ్చి లాక్కుంది. కూచో, పని కావాలంటే సోమవారం రా అంది.

ఏప్రిల్ 13, శనివారం

నిన్న వేడిగా తిన్నాను. ఇంత చిన్న దానికి ఇంత సంబరమా అని మొదట సిగ్గేసింది. తర్వాత సిగ్గు పోయి కోపం వచ్చింది.

ఏప్రిల్ 19, శుక్రవారం

ఈసారి లాగి కూడా వచ్చింది. కాలేజీ ఎగ్గొట్టిందేమో, నేను అడగలేదు.

మాంగెరెలో ఒక టోంగా ఆవిడ పెరట్లోంచి అమ్మే కొబ్బరి బన్నులతో మొదలుపెట్టాం. చేతులు జిడ్డు జిడ్డుగా బస్సెక్కి పాపటోయిటోయి వెళ్లాం. అక్కడ బట్టల కొట్టు వెనక మలేసియా నుంచి వచ్చిన మిసెస్ లియోంగ్ హోటల్ ఉంది. తెరె కనిపెట్టింది. బోర్డు మీద అక్షరాలు సగం ఊడిపోయాయి. లోపల మాత్రం కూర్చోవడానికి చోటు లేదు.

ముగ్గురం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎవరిది ముందు వస్తే వాళ్లు తినెయ్యాలి. ఒకరి కోసం ఒకరు ఆగకూడదు. ప్రార్థన మాత్రం మానలేదు. లాగి మూడు ముక్కల్లో ముగించింది, పాస్టర్ గారు వింటే గుండె పట్టుకునేవారు.

నేను చేప తల చెప్పాను. అల్లం, ఉల్లికాడలు వేసి ఆవిరి మీద ఉడికించిన తల, పళ్లెం నిండా. నా ముందు పెట్టి వెళ్లిపోయారు. నేను దాని వంక చూస్తూ కూర్చున్నాను. అత్తా, అది నీకే, ఎవరూ రారు అంది లాగి. చెంప దగ్గర కండ ఒకటుంటుంది, వేలి గోరంత, మెత్తగా. ఇన్నేళ్లు వండానే, అది అక్కడ ఉంటుందని నాకు తెలియదు.

ఏప్రిల్ 27, శనివారం

లాగి ఫోటో పెట్టింది. నేనూ, తెరిచిన నోరూ, చేప తలా. సిడ్నీలో ఉన్న కజిన్ చూసింది, అన్నయ్యకు పంపింది. ఇంకేం, ఫోన్.

మన ఇంటి ఆడవాళ్లు కొట్టు కొట్టుకూ తిరిగి తింటున్నారట, చర్చిలో నన్ను ఆపి అడుగుతున్నారు, ఇంట్లో పొయ్యి లేదా మకెరితా అన్నాడు. పొయ్యి ఉంది, నాకు కుర్చీయే లేదు అన్నాను. నా కూతురికి కూడా ఇవే నేర్పుతున్నావు అన్నాడు అన్నయ్య. అవును, నేర్పుతున్నాను అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను.

ఏప్రిల్ 28, ఆదివారం

వండాను, వడ్డించాను, గోడ దగ్గర నిలబడ్డాను. అందరూ వెళ్లాక అమ్మ నన్ను పిలిచింది. చూడవే మకె, నేను మా అత్తగారికి చేతుల మీద నీళ్లు పోశాను, మామగారికి వడ్డించాను, మీ నాన్నకు వడ్డించాను, నేనేమన్నా తగ్గిపోయానా చెప్పు అంది. లేదు, తగ్గలేదు. ఆ మాట నిజమే.

నాకు వడ్డించడం చేదు కాదు. నా చేతి వంట వాళ్లు ఇష్టంగా తింటుంటే ఇప్పటికీ బాగుంటుంది. వడ్డించినదాన్ని కాబట్టి నాకు చోటు లేదనడమే చేదు. ఈ ముక్క అమ్మతో అనాల్సింది. డైరీకి చెప్తున్నాను.

మే 3, శుక్రవారం

తేల్చేశాను. పన్నెండో తారీఖు మదర్స్ డే. ఆ ఆదివారం నేను వండను. అమ్మను మిసెస్ లియోంగ్ హోటల్‌కు తీసుకెళ్తాను. హోటల్లో గోడ దగ్గర నిలబడితే ఎవరూ ఊరుకోరు. అమ్మకు ఎదురుగా కూర్చుని తింటాను, ఎవరేమనుకున్నా సరే.

అమ్మ మొదట ఒప్పుకోలేదు. నీ కొడుకును కూడా పిలువమ్మా అన్నాను. అప్పుడు ఒప్పుకుంది. లాగి వాళ్లమ్మ తన చెల్లెలి కాన్పుకని సిడ్నీ వెళ్లింది కాబట్టి వచ్చేది నలుగురమే.

మే 9, గురువారం

అన్నయ్య కబురు: పాస్టర్ గారి భోజనం సంగతేంటి? ముందు రోజే బేకరీ నుంచి పంది మాంసం బన్నులు పంపిస్తున్నాను, ఆ పేరు పెట్టుకుని ఎవరూ నా మీదికి రానక్కర్లేదు అని చెప్పించాను.

మే 12, ఆదివారం, మధ్యాహ్నం

వేళ్లకు ఇంకా అల్లం వాసన. అలాగే రాస్తున్నాను.

హోటల్ కిక్కిరిసి ఉంది. సగం మంది మా చర్చివాళ్లే, తెల్ల బట్టలు, తెల్ల టోపీలు. అమ్మ కూడా చర్చికని కుట్టించుకున్న తెల్ల పులెతాసీ వేసుకుని రాణిలా కూర్చుంది. ఎవరికి కావలసింది వాళ్లు చెప్పుకున్నాం. అన్నయ్య బాతు, అమ్మ చికెన్ గంజి, లాగి నూడుల్స్, నేను చేప తల. అన్నీ ఒకేసారి వచ్చాయి, ఎవరిది వాళ్ల ముందు పెట్టారు.

నేను రుమాలు ఒళ్లో వేసుకునే లోపు అమ్మ లేచింది. చేప తల పళ్లెం ఎత్తి అన్నయ్య ముందు పెట్టింది. బాతు తొడ తీసి తన గిన్నె పక్కన పెట్టుకుంది. బాతు మెడా, వీపు ఎముకలూ నా వైపు జరిపింది. నూడుల్స్ సగం అన్నయ్యకు. ఎవరేం కోరుకున్నారో అమ్మకు అక్కర్లేదు, ఎవరు ఏమవుతారో అదే చాలు. కోపం లేదు, ఆలోచన కూడా లేదు. నేను ఆ ముసలాయనకు గిన్నె ఎలా ఇచ్చానో అమ్మా అలాగే పంచేసింది. అన్నయ్య కూడా చెంచా తీసుకున్నాడు.

నేను చెయ్యి చాచి నా పళ్లెం నా ముందుకు లాక్కున్నాను.

పక్క బల్లల దగ్గర తెల్ల టోపీలన్నీ మా వైపు తిరిగాయి. నా ముందు నుంచి కంచం తీశావా అన్నాడు అన్నయ్య, గొంతు పెంచకుండా. నా కంచం నీ ముందు ఉండింది, తీసుకున్నాను అన్నాను. మకె, అది అన్నయ్యదే, పెట్టెయ్ అంది అమ్మ. పెట్టనమ్మా, ఇంకోటి చెప్తాను, ఆయనకు కావాలంటే రెండు చెప్తాను, ఇది మాత్రం నేను అడిగి తెప్పించుకున్నది అన్నాను. ఇంతమందిలో నా తల తీసేశావు అంది అమ్మ. అన్నయ్య లేచాడు. అమ్మ కూడా లేచింది. లాగీ, రా అన్నాడు. లాగి తన నూడుల్స్ గిన్నె దగ్గరికి లాక్కుంది. నేను తిన్నాక వస్తాను నాన్నా అంది.

వాళ్లు వెళ్లిపోయారు. నాకూ లేవాలనిపించింది, అమ్మ వెంట పరుగెత్తి కాళ్లు పట్టుకోవాలనిపించింది. లేవలేదు. లేస్తే మళ్లీ ఈ జన్మలో కూర్చోలేను. ఏడుస్తూనే తిన్నాను. చెంప కండ, కంటి చుట్టూ ఉండే జిగురు, మెడ దగ్గరి కొవ్వు, ఒక్కటీ వదల్లేదు. మధ్యలో తలెత్తితే అద్దం అవతల కారులో అమ్మ. నా వైపే చూస్తోంది. కారు ఎందుకో చాలాసేపు కదల్లేదు.

మే 14, మంగళవారం

అమ్మ మాట్లాడటం లేదు.

మే 19, ఆదివారం

అన్నయ్య రాలేదు. పాస్టర్ గారు కూడా. అమ్మ తన పళ్లెం గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకుంది. నేను వంటింట్లో కూర్చుని తిన్నాను. కుర్చీ అయితే దొరికింది, ఎదురుగా ఎవరూ లేరు. పంతం నెగ్గితే ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. అయినా క్షమాపణ అడగను.

మే 24, శుక్రవారం

షిఫ్ట్ నుంచి వచ్చేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. తల దువ్వుకుని, చేతిసంచీ పట్టుకుని. ఆ చైనా ఆవిడ కొట్టు ఈ రోజు ఉంటుందా అంది. ఆవిడది మలేసియా అన్నాను. ఏదో ఒకటి, నడు అంది.

బస్సు దిగి హోటల్‌కు వెళ్లాం. ఎదురెదురుగా కూర్చున్నాం. చేప తల వచ్చింది. నేను చెంప కండ తీసి అమ్మ పళ్లెంలో వేశాను. ఇంత గొడవ చేసినదాన్ని, నా చెయ్యి మళ్లీ అదే పని చేసింది. అమ్మ దాన్ని తీసి నా పళ్లెంలో పడేసింది. నీది నువ్వు తిను, నాకు ఇంకోటి చెప్పు అంది.

రెండోది వచ్చింది. అమ్మ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. డెబ్బై నాలుగేళ్ల మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇక్కడమ్మా, మొప్ప పక్కన చెంచా పెట్టి ఎత్తు అని చూపించాను. ఎత్తింది. తింది. ఇంకో చెంచా తీసుకుంటూ, నా వంక చూడకుండానే అంది: మకె, నువ్వు తినేటప్పుడు కళ్లు మూసుకుంటావు. కారులోంచి చూసేదాకా నాకు తెలీదే.

మే 26, ఆదివారం

అన్నయ్య రాలేదు. లాగి వచ్చింది. ముగ్గురం ఒకేసారి కూర్చున్నాం. తిన్నాక ఎవరు లేవాలో ఎవరికీ తెలియలేదు. గిన్నెలు తియ్యాలేమో అంది లాగి. ఉండనీవే, వాటికేమన్నా ఆకలా అంది అమ్మ. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం.