వెనకాలున్నాడు!

ఎడిన్‌బరో,
12 ఫిబ్రవరి 1972

ప్రియమైన నాన్నా,

ఫోన్లో నువ్వు మాట్లాడలేవు కాబట్టి ఇక మనకు ఉత్తరాలే దిక్కు. గొంతులో గడ్డ తీశాక నొప్పి తగ్గిందా? గొంతు తిరిగి వస్తుందో రాదో డాక్టరే చెప్పలేకపోతున్నాడని అమ్మ రాసింది. ఏప్రిల్ ఆఖరుకు మన ఫుట్‌బాల్ జట్టు కింది శ్రేణికి జారితే నిన్ను మేనేజర్‌గా తీసేస్తారని కూడా రాసింది. ఆ రోజంతా పుస్తకం తెరవలేదు.

మేనేజర్ కాకముందు పద్నాలుగేళ్లు అదే జట్టుకు, గోలు ముందు కాపు కాసే డిఫెండర్‌వి. చిన్నప్పుడు పెద్దవాళ్ల వీపుల మధ్య నాకు బంతి కనిపించేదే కాదు. నీ కేకలు మాత్రం వినిపించేవి. "ఎడమకి!" "వదిలెయ్, నాది!" "వెనకాలున్నాడు!" వాటితోనే ఆటంతా చూసేదాన్ని. మాటల మీద పిచ్చి నాకు అక్కడే పట్టుకుందేమో.

నీ కేక కోసం చెవులు రిక్కించుకున్న
మోరాగ్

ఇన్వర్‌కార్,
27 ఫిబ్రవరి

చిట్టితల్లీ,

నొప్పి లేదు. గొంతూ లేదు. మైదానం గీత పక్కన నిలబడి పలక మీద రాసి చూపిస్తున్నాను. నిన్న వాన పడి సుద్ద కారిపోయింది. మా కెప్టెన్ గోర్డీ అటు నుంచి అరిచాడు: "ఏంటి బాస్ అది, ఎడమా? కోడిపెట్టా?" జనం పగలబడి నవ్వారు. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం.

డిఫెండర్‌కు ఆటంతా ఎదురుగానే కనిపిస్తుంది. అందుకే చెప్పాల్సిన బాధ్యత అతనిదే. ఇప్పుడున్న వాళ్లు ఆటలో నోరు విప్పరు. ఎడమవైపు ఆడే ఫెర్గస్ పగలు చేపలు పొగబెట్టే షెడ్డులో పనిచేస్తాడు. గోర్డీ అంటాడు కదా, "వాడికంటే వాడి చేపలే నయం బాస్, కనీసం చిటపటలాడతాయి!" మేనేజర్‌నైన ఈ ఆరేళ్లూ వాళ్ల బదులు నేనే అరిచాను. తప్పు నాదే.

పలక పారేసిన
నాన్న

ఇన్వర్‌కార్,
19 మార్చి

చిట్టితల్లీ,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను, ఆగలేక.

మంగళవారం సాధన మధ్యలో సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొచ్చింది. చెయ్యి చాపితే వేళ్లు కనిపించడం లేదు. అందరూ సంచులు సర్దుకున్నారు. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది, బంతి కనిపించకపోయినా కేకలతో ఆట చూశానన్నావు కదా. గేటుకు అడ్డంగా నిలబడి, ఆడమని చెయ్యి ఊపాను.

"బాస్‌కు గొంతే కాదు, బుర్ర కూడా తీసేశారు," అన్నాడు గోర్డీ.

మొదట ఒకళ్లనొకళ్లు గుద్దుకున్నారు, తిట్టుకున్నారు. అప్పుడు ఆ తెల్లటి గోడలోంచి, నేనెప్పుడూ వినని గొంతు: "గోర్డీ! వెనకాలున్నాడు!"

ఫెర్గస్!

ఒళ్లు ఝల్లుమంది తల్లీ.

నాన్న

ఎడిన్‌బరో,
25 ఏప్రిల్

ప్రియమైన నాన్నా,

వరసగా మూడు గెలుపులు! శనివారం ఓడకపోతే చాలు కదా? నాకిక్కడ అన్నీ పొగమంచులాగే ఉన్నాయి, పరీక్షలతో సహా.

ఒక్క మాట అడుగుతాను. పొద్దున గుడ్లు మాడుతుంటే నువ్వు "అయ్యో!" అన్నావని అమ్మ రాసింది. నిజమేనా? నిజమైతే శనివారం గట్టిగా అరిచెయ్యి నాన్నా! నీ ఉద్యోగం పోకూడదు.

మోరాగ్

ఇన్వర్‌కార్,
30 ఏప్రిల్

చిట్టితల్లీ,

అమ్మ చెవులు పాము చెవులు. నిజమే. గొంతు వచ్చి మూడు వారాలైంది. ఎవరికీ చెప్పలేదు.

నిన్న చివరి నిమిషాలు. రెండు వైపులా గోల్ లేదు. వాళ్ల పొడుగు ఆటగాడొకడు గోర్డీ వెనక్కి మెల్లగా జారుతున్నాడు. నేను చూశాను. కేక గొంతు దాకా వచ్చింది. మఫ్లరు పళ్ల మధ్య కుక్కుకున్నాను. నేనరిస్తే ఆ పదకొండు మందీ మళ్లీ నా వైపే చూస్తారు, ఇక జన్మలో నోరు విప్పరు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

"వెనకాలున్నాడు!"

ఫెర్గసే. గోర్డీ గిర్రున తిరిగి బంతిని జనం కూర్చునే స్టాండు మీదకు తన్నేశాడు. ఆట ముగిసింది. మన శ్రేణి నిలిచింది.

"ఆ డాక్టర్‌కు ఒక విస్కీ సీసా పంపండి బాస్," అన్నాడు గోర్డీ, "మీరు నోరు మూశాకే గెలుస్తున్నాం!" అందరితో పాటు నేనూ నవ్వాను, చప్పుడు రాకుండా.

పద్నాలుగేళ్లు ఆ కేకను నా లోపలి నుంచే విన్నాను. నిన్న మొదటిసారి గీత అవతల నిలబడి, నువ్వు విన్నట్టు విన్నాను. ఎంత బాగుందో! నువ్వెప్పుడూ చెప్పలేదేం?

వచ్చే ఆదివారం ఆరింటికి హాస్టల్ ఫోన్ దగ్గర ఉండు. మోగితే, ఎవరని అడగకు.

నాన్న